ఏడో ఆరోపణ

ఆయన పోయిన కబురు నాకు ఫొటోగా వచ్చింది. చుట్టూ బంతిపూల చట్రం, మధ్యలో నల్లకళ్లద్దాలతో ఆయన ముఖం, కింద కన్నడంలో నాలుగు లైన్లు. ఎవరో టీచర్ల గ్రూపులో పెట్టారు, అక్కడి నుంచి ఇంకెవరో నాకు పంపారు. అదే ఫొటో ఆయన ఫోన్‌కి వచ్చి ఉంటే ఫోన్ ‘చిత్రం’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకునేది. ఆయన దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, రెండు గంటలు బస్సులో కూర్చుని, అందులో ఏముందో తెలుసుకోవడానికి నా దగ్గరికి వచ్చేవారు.

రాయచూరు కోర్టు వెనక సందులో నాకొక చిన్న డీటీపీ షాపుంది. టైపింగు, జిరాక్సు ఉన్నాయి గానీ ఈ మధ్య ఎక్కువగా ఫైళ్లు మార్చే పనే. పీడీఎఫ్ ఉన్నవాళ్లు వర్డ్ కావాలంటారు. వర్డ్ ఉన్నవాళ్లు పీడీఎఫ్ కావాలంటారు. ఎవరి దగ్గరున్నది వాళ్లకు పనికిరాదు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా ఒకదాన్ని ఇంకొకటి చేస్తూ కూర్చుంటాను. సాయంత్రానికి ఏం చేశానని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

ఎనిమిదేళ్ల కింద ఒక శనివారం మధ్యాహ్నం ఆయన మొదటిసారి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కా, కాళ్లకు కాలువ మట్టి అంటిన చెప్పులు. గుమ్మంలో ఆగి చేతికర్రను నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నారు.

“ఏమ్మా, ఉన్నావా?” అన్నారు, ఎప్పటి నుంచో తెలిసినట్టు.

“ఉన్న సార్. గిట్ల రండి, కుర్చీ మీ ఎడమకే ఉంది. ఏం గావాలె?”

పెన్‌డ్రైవ్ తీసి ముందుకు చాచారు. “ఇందులో ఉన్న కాగితాలు మూగవమ్మా. వీటి చేత మాట్లాడించగలవా?”

పోతనాళ దాటాక ఒక క్యాంపులో ఆయన ఇల్లు. కాలువ నీళ్ల కింద వరి వేసుకోవడానికి కోస్తా నుంచి వచ్చినవాళ్ల ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. పసితనంలోనే జ్వరంతో చూపు పోయిందట. అక్కడికి దగ్గరి పల్లెలో ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. ఫోన్లో అక్షరాలను చదివి వినిపించే ఏర్పాటు ఉంది కాబట్టి టైపు చేసిన ఫైలు ఏదైనా ఆయన సొంతంగా చదువుకోగలరు. కానీ ఆఫీసుల నుంచి వచ్చే కాగితాలన్నీ స్కాన్ చేసినవి. పేరుకు పీడీఎఫ్ గానీ, నిజానికి అవి కాగితం ఫొటోలు. ఫొటోలో అక్షరాలున్నాయని ఫోన్‌కు తెలియదు.

నేను చేసే పని ఇంతే. సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫొటోలోని అక్షరాలను గుర్తుపట్టించి, వర్డ్ ఫైలు చేసి, పక్కన అసలు కాగితం పెట్టుకుని లైను లైనూ దిద్దడం. కన్నడంలో కూడా మన తెలుగులోలాగే ‘మ’కూ ‘వు’కూ పోలిక దగ్గర. స్కాన్ వంకరగా ఉంటే సాఫ్ట్‌వేర్ ఒకటి అనుకుని ఇంకొకటి రాస్తుంది. మొదటి రోజు తొందరలో సరిగా దిద్దకుండా ఇచ్చాను. ఆయన అక్కడే కూర్చుని చెవిలో పెట్టుకుని విన్నారు. ఆ ఫోను ఎంత వేగంగా చదివేదంటే, పక్కనున్న నాకు ఒక్క మాటా అర్థమయ్యేది కాదు.

“గ్రావు పంచాయతీ అంటోంది. ఈ గ్రావు ఎక్కడుందమ్మా? బస్సుందా?”

నాకు సిగ్గేసింది. గ్రామ పంచాయతీని ఆయన అట్లా విన్నారు. తర్వాత ఎప్పుడైనా తప్పు దొర్లితే, “ఇవాళ కూడా గ్రావు వెళ్లొచ్చాను” అనేవారు. కోపంగా అన్నది ఒక్కసారీ లేదు.

నెలకు రెండు శనివారాలు, ఒంటిపూట బడి అయ్యాక వచ్చేవారు. నేను దిద్దుతుంటే బడి కబుర్లు చెప్పేవారు. పిల్లల కోసం అట్టమీద గంజితో బియ్యపు గింజలు అంటించి దేశపటం చేశారు. కొండలకు గింజలు, నదులకు దారాలు. ఒకసారి దాన్ని తెచ్చి నా వేలు పట్టుకుని కృష్ణ దారం మీదా, తుంగభద్ర దారం మీదా నడిపించారు. “ఈ రెండింటి మధ్యా ఉన్నాం మనం. కళ్లు మూసుకుని చూడమ్మా, అప్పుడు తెలుస్తుంది” అన్నారు. షాపులో జనం ఉన్నా నేను కళ్లు మూసుకున్నాను.

ప్రతి ఆఫీసుకూ ఆయన ఒక అర్జీ పెట్టేవారు. కాగితాన్ని ఫొటో తీసి పంపకండి, టైపు చేసిన ఫైలే పంపండి అని. టైపు చేసేది నేనే కాబట్టి నాకు నోటికి వచ్చేసింది. జవాబు వచ్చేది కాదు, వస్తే స్కాన్ చేసి వచ్చేది.

“చూడమ్మా” అనేవారు, అలసటగా నవ్వి. “అక్కడ వాళ్లు కంప్యూటర్లోనే టైపు కొడతారు. అంటే అప్పుడు అది నేను చదవగలిగేదే. దాన్ని బయటికి తీసి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టి, ఫొటో పట్టి నాకు పంపుతారు. నేను నీ దగ్గరికి తెస్తాను. నువ్వు కూర్చుని మళ్లీ టైపు కొడతావు. ఒక్క కాగితానికి ఎంతమందిమి అలిసిపోతున్నామో!”

ఒక సంవత్సరం ఆ బడిలో పదో తరగతి ఫలితాలు బాగా పడిపోయాయి. హెడ్మాస్టరు ఆ తప్పంతా ఆయన మీద పెట్టి పైకి రాశారు. ఒక అధికారి వచ్చి విచారణ చేసి, పిల్లల మాటలు కూడా రాసుకుని వెళ్లారు. ఆ నివేదిక ఆయన ఫోన్‌కు వచ్చింది. పదకొండు పేజీలు, జిరాక్సును మళ్లీ స్కాన్ చేసినది. వారంలోగా జవాబివ్వాలని రాసి ఉంది. ఆయన నా దగ్గరికి చేరేసరికే రెండు రోజులు పోయాయి.

“జాగ్రత్తగా చెయ్యమ్మా. ఒక్కొక్కదానికీ నేను జవాబు రాసుకోవాలి” అని పెన్‌డ్రైవ్ ఇచ్చి, మధ్యాహ్నం క్లాసుకు టైమవుతోందని వెంటనే బస్సుకు వెళ్లిపోయారు.

ఆ మర్నాడంతా దిద్దాను. ‘ఈ కింది ఏడు ఆరోపణలకు’ అని మొదటి పేజీలో ఉంది. ఫలితాలు తగ్గడం, రిజిస్టర్లు వేరేవాళ్ల చేత రాయించడం, బోర్డు వాడకపోవడం, అట్లాంటివి ఆరు. ఏడోది, పాఠం జరుగుతుండగా పిల్లలు వెళ్లిపోతున్నా గమనించలేకపోవడం. దాని కింద ఒక పిల్లవాడు చెప్పిన మాటలు. ‘మధ్యాహ్నం సార్ పాఠం మొదలుపెట్టాక మేము ఒక్కొక్కరమే బయటికి పోతాము. చప్పుడు చేయము. ఒక్కోసారి ఇద్దరే మిగులుతారు. సార్‌కు కనబడదు కాబట్టి తెలియదు. ఆయన చెబుతూనే ఉంటారు.’

ఆ చివరి వాక్యం దగ్గర నా చెయ్యి ఆగింది. ఖాళీ బెంచీల ముందు నిలబడి, గింజల పటం పట్టుకుని, నదుల గురించి చెబుతున్న మనిషి కళ్ల ముందుకొచ్చాడు. ఈ మాటను ఆ ఫోను ఆయన చెవిలో గడగడా చదివేస్తుంది. ఆ తర్వాత ఆయన సోమవారం మళ్లీ అదే గదిలోకి వెళ్లి నిలబడాలి.

నేను ఏడో ఆరోపణ తీసేశాను. పిల్లవాడి మాటలు తీసేశాను. మొదటి పేజీలో ‘ఏడు’ను ‘ఆరు’ చేశాను. ఎట్లాగూ ఆరింటికి జవాబిస్తున్నారు, ఈ ఒక్కటి ఎవరు చూస్తారులే అనుకున్నాను. ఆ రోజు నేను మంచిపని చేశాననే అనుకున్నాను. అది దాచడం ఎందుకు?

ఆయన ఆరింటికీ జవాబులు చెప్పారు, నేను టైపు చేశాను, పంపాం.

నెలన్నర తర్వాత ఉత్తర్వు వచ్చింది. అదీ స్కానే. శనివారం తెచ్చి నా పక్కన కూర్చుని, “ఇది పొట్టిదే, రెండు పేజీలంట. చదివేసెయ్యమ్మా, తర్వాత మార్చొచ్చు” అన్నారు. నేను తెరిచాను. మొదటి పేజీలో ఆరింటి గురించీ ఉంది. వివరణ కొంతవరకు ఒప్పుకున్నారు. రెండో పేజీలో, ఏడో ఆరోపణకు జవాబు ఇవ్వనందున దాన్ని అంగీకరించినట్లు భావించడమైనదనీ, ఆయన్ని తరగతి బోధన నుంచి తప్పించి ఆఫీసు పనికి పంపుతున్నామనీ ఉంది.

ఆ పేరాను మళ్లీ మొదటి నుంచి చూశాను.

“ఏమ్మా, ఏమన్నారు?”

“సార్... జర ఆగుండ్రి.”

“మంచినీళ్లు తాగి చెప్పమ్మా. ఉద్యోగం పోయిందా?”

“ఉద్యోగం పోలే సార్. క్లాసు తీసేసిండ్రు.” తర్వాత మొత్తం చదివాను. ఏడో ఆరోపణ అనే మాట దగ్గర ఆయన చెయ్యెత్తారు.

“ఆరే కదమ్మా ఉన్నాయి?”

అప్పుడు చెప్పేశాను. “ఏడుండె సార్. నేనే తీసేసిన. అండ్ల ఒక పోరడు చెప్పిన మాట చూసి... మీరు వింటె తట్టుకోలేరని, బాధైతదని తీసేసిన. ఆరని నేనే దిద్దిన.”

బయట ఎవరో జిరాక్సుకు వచ్చి, మా ఇద్దరినీ చూసి వెళ్లిపోయారు. చివరికి, “ఆ మాటేంటో చదువు” అన్నారు. పాత ఫైలు తీసి చదివాను.

“ఇంతేనా?” అన్నారు.

“ఇంతే సార్.”

“ఇది నాకు తెలుసమ్మా.” ఆ మాట ఎంతో మామూలుగా అన్నారు. “నాట్లప్పుడూ, మిరపకోతలప్పుడూ మధ్యాహ్నం భోజనం అవగానే వాళ్లు పొలానికి పోతారు. కూలికి. ఆపితే బడికే రావడం మానేస్తారు. మొదట్లో చెప్పులు చేత్తో పట్టుకుని పోయేవాళ్లు, నాకు వినబడకూడదని. నేనే చెప్పాను, వేసుకునే వెళ్లండ్రా, ముళ్లుంటాయని. ఆ మధ్యాహ్నం పాఠం వాళ్లకి పొద్దున ఎనిమిదింటికే చెప్పేసేవాణ్ని. మిగిలిన ఇద్దరికీ మధ్యాహ్నం మళ్లీ చెప్పేవాణ్ని. నాకు తెలీదని ఆ పిల్లాడు ఎందుకన్నాడో తెలుసా? తెలిసే పంపానంటే నా మీదికి వస్తుందని. పాపం, నాకు మేలు చేద్దామనుకున్నాడు. వాడూ, నువ్వూ.”

నేను ఏడుస్తున్నానని ఆయనకు తెలిసింది. ఓదార్చలేదు.

“మిగతా ఆరూ ఏముందమ్మా? రిజల్టు తగ్గిందా అంటే తగ్గింది. రిజిస్టరు రాయవా అంటే రాయలేను. వాటికి ఏం చెప్పినా బతిమాలుకున్నట్టే ఉంటుంది. ఆ ఒక్కదానికే నా దగ్గర జవాబుంది.”

కర్ర విప్పుకుని లేచారు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నారు. “నాకు వచ్చిన కాగితం నాదమ్మా. అందులో తిట్లుంటే అవీ నావే.”

రెండు నెలలు రాలేదు. నేను ఫోన్ చేస్తే తియ్యలేదు. నా బతుకులో శనివారాలు అంత పొడుగ్గా ఎప్పుడూ లేవు. ఒక శనివారం ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి, “ఏమ్మా, ఉన్నావా?” అన్నారు. నేను లేచి నిలబడ్డాను. క్షమించమని అడగబోతుంటే, “అప్పీలు పెడదాం. పనుంది నీకు” అని పెన్‌డ్రైవ్ చాచారు.

అందులో ఆయన పొద్దుటి క్లాసులున్నాయి. ఎవరెవరు వచ్చారో గొంతులను బట్టి గుర్తు పెట్టుకోవడానికి ఫోన్లో రికార్డు చేసుకునేవారట. రెండేళ్లవి. ఆఫీసులో అడిగితే, ఆడియో తీసుకోం, కాగితం మీద రాసి తెమ్మన్నారట. కాబట్టి ఆ గొంతులన్నిటినీ అక్షరాలు చెయ్యాలి. దానికి అప్పట్లో నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. ఉన్నా, ఆ పల్లె కన్నడం, మధ్యమధ్య తెలుగూ ఉర్దూ, పైగా కోళ్ల కూతలు, ట్రాక్టరు చప్పుడు. దానికేం అర్థమవుతుంది!

నేనే విని టైపు చేశాను. షాపు పని మధ్యలో, చెవిలో పెట్టుకుని, ఒక్కో వాక్యం నాలుగైదుసార్లు వెనక్కి తిప్పుకుంటూ. నాలుగు నెలలు పట్టింది. చెవులు నొప్పి పుట్టేవి, మెడ పట్టేసేది. ఆయన ఒక్కో పిల్లను పేరుతో పిలిచేవారు, ఆ పిల్ల పలికేది. ఒకమ్మాయి ప్రతిరోజూ ఆలస్యంగా వచ్చి, “సారీ సార్, నీళ్లు రాలే” అనేది. ఒకడు తుంగభద్ర ఎక్కడ పుట్టిందంటే, “మా పొలం కాడ సార్” అన్నాడు. ఆయన పగలబడి నవ్వడం ఆ రికార్డింగులోనే మొదటిసారి విన్నాను. నా షాపులో ఆయన ఎప్పుడూ అట్లా నవ్వలేదు. ఈసారి ఒక్క దగ్గు కూడా వదలకుండా రాశాను. ప్రింటు తీస్తే లావుపాటి కట్ట అయింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని బరువు చూసి, “ఇంత చెప్పానా నేను?” అన్నారు.

అప్పీలు వెళ్లింది. ఆయన రోజూ బడికెళ్లే బస్సులోనే ఇంకా ముందుకు, ఆఫీసుకు వెళ్లి ఒక బల్ల ముందు కూర్చుని వచ్చేవారు. పని ఇచ్చేవాళ్లు కాదు. ఆరేడు నెలలు గడిచాయి.

ఒక శనివారం మా ఇద్దరి ముందే ఆయన ఫోన్ మోగింది. మెయిల్ వచ్చింది. ఆయన మామూలుగా, “నీకే పని” అంటూ తెరిచారు. కానీ ఫోను ‘చిత్రం’ అనలేదు. చదవడం మొదలుపెట్టింది. ఎవరో గుమాస్తా, ఎందుకో, ఈసారి టైపు చేసిన ఫైలునే పంపారు. ఇన్నేళ్ల అర్జీల్లో ఒక్కటి ఎవరో చదివారు.

ఆయన నిటారుగా కూర్చుని ఫోన్‌ను చెవికి ఆనించుకున్నారు. ఆ వేగం నాకు అందదు. ముఖం చూస్తూ కూర్చున్నాను. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి విన్నారు. మూడోసారి కూడా విన్నారు.

“ఏమొచ్చింది సార్? అప్పీలేనా?”

“అప్పీలే.” ఫోను జేబులో పెట్టుకున్నారు. ముఖమంతా నవ్వయింది. “ఒప్పుకున్నారమ్మా. సెలవులయ్యాక మళ్లీ క్లాసుకి రమ్మన్నారు. నీ కట్ట మొత్తం చదివారంట.”

నేను పక్క బేకరీకి పరుగెత్తి పేడాలు తెచ్చాను. ఆయన రెండు తిన్నారు. ఇంకొకటి తీసుకోమంటే, చాలమ్మా అన్నారు.

ఆ తర్వాత రావడం తగ్గింది. నెలకోసారి, తర్వాత రెండు నెలలకోసారి. బడి పని ఎక్కువైందనుకున్నాను. వచ్చినప్పుడు, “పిల్లలెట్లున్నరు సార్?” అని అడిగేదాన్ని. “ఉన్నారమ్మా, ఎప్పట్లాగే” అనేవారు. అంతకు మించి చెప్పేవారు కాదు. నేను కూడా పనిలో ఉండి ఇంకేమీ అడిగేదాన్ని కాదు. రెండేళ్లు అట్లా నడిచింది. నా గుండెలోని బరువు ఎప్పుడు దిగిపోయిందో నాకే తెలియలేదు.

ఆయన పోయిన పదిహేను రోజులకు ఆయన భార్య వచ్చింది. నేను ఆమెను చూడటం అదే మొదలు. బక్కపలచటి మనిషి, చేతిలో గుడ్డసంచి. “మా ఆయన నీ దగ్గరికే వచ్చేవారంట కదమ్మా” అంటూ అదే పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చింది. ఫ్యామిలీ పెన్షన్‌కు ఉద్యోగం కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా కావాలన్నారట.

ఒక్కొక్కటీ తెరిచి వరసలో పెడుతున్నాను. నియామకం ఉత్తర్వు, పాత సర్వీసు పేజీలు, విచారణ నివేదిక. తర్వాత ఒక ఫైలు స్కాన్ కాకుండా శుభ్రంగా టైపు అక్షరాల్లో ఉంది. తేదీ చూస్తే ఆ పేడాల శనివారమే. గడువులోగా సమర్పించని ఆధారాలను ఇప్పుడు పరిగణించడం కుదరదనీ, అందువల్ల అప్పీలును తిరస్కరించడమైనదనీ, ఆయన ఆఫీసు పనిలోనే కొనసాగాలనీ రాసి ఉంది. జతచేసిన కాగితాలను చదవలేదని కూడా అందులోనే ఉంది.

కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను. మూడుసార్లు విన్నారు ఆయన ఈ మాటలు, నా పక్కనే కూర్చుని.

“ఏంటమ్మా అది? ఏదైనా తక్కువైందా?” అందామె. “నేను కన్నడం మాట్లాడతాను గానీ చదవలేను. మా క్యాంపు బళ్లో తెలుగే నేర్చుకున్నాను.”

“తక్కువ గాలేదమ్మా.” మౌస్ వదిలేసి ఆమె వైపు తిరిగాను. “సారు మళ్లా క్లాసుకు పోతున్ననని మీకు చెప్పిండ్రా?”

“చెప్పారు. రెండేళ్లయింది. రోజూ అదే బస్సుకి వెళ్లేవారు.”

“దీంట్ల వేరే ఉంది. చదవాల్నా?”

“చదువు.”

వాక్యం తర్వాత వాక్యం కన్నడంలో చదివి తెలుగులో చెప్పాను. ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ వింది. ఏడవలేదు. నేను ముగించాక తలెత్తింది.

“తెలుసమ్మా నాకు. క్లాసు చెప్పి వచ్చినప్పుడు ఆయన గొంతు బొంగురుపోయి ఉండేది. వస్తూనే మిరియాల పాలు కాచమనేవారు. ఈ రెండేళ్లలో ఒక్కరోజు కూడా అడగలేదు.”

“మరి మీరు ఏమనలేదా?”

“ఏమంటాను? రోజూ నేనే కాచి చేతికిచ్చేదాన్ని. తాగేవారు.”